మామను మింగింది

17 మార్చి 1986

మా అబ్బాయి ధనుంజయుడు దాచేపల్లి నుంచి వచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీలో ఇకమీదట బూట్లు లేనిదే గేటు దాటనివ్వరట. వాడి ఎడమ మడమ వెనక, నరం మీద ఉన్న పసుపుకాయకు బూటు అంచు ఒరుసుకుని పుండు పడింది. చెప్పులతో వెళ్లడం, గేటు దగ్గర మాటలు పడటం. పెళ్లికి ముందే దాన్ని కోయించెయ్యమని చెప్పాను. కుంటుకుంటూ పీటల మీదికి వచ్చే పెళ్లికొడుకును నేను చూడలేను.

మా అత్తవారింట్లో వాటిని పసుపుకాయలనే అంటారు. మా ఆయనకు మోచేతుల మీద ఉండేవి. మరిదికి వేళ్ల కణుపుల మీద. మా అమ్మాయి రాజ్యలక్ష్మికి మడమల వెనక. దాని కూతురు కోటేశ్వరికి పద్దెనిమిదో ఏట కనురెప్పల మూలల్లో పసుపుపచ్చని చుక్కలు తేలాయి. అప్పటికి చూపు పోయిన మా అత్తగారు వాటిని బొటనవేలితో తడిమి, "పసుపు పూయకుండానే పసుపంటింది. ఇది మనింటికి రావాల్సిన పిల్ల" అన్నారు. అక్క కూతురిని తమ్ముడికి చేసుకోవడం మాలో కొత్త కాదు. ఇద్దరికీ ఇష్టమే. ముహూర్తం మే ఆఖరి వారంలో.

నూనె పోయిన నెలకంటే అరకిలో ఎక్కువ అయింది. తోడికోడలు రత్తమ్మను అడగాలి.

25 మార్చి

కాయ కోశారు. నిమ్మకాయంత ఉంది. లోపల పచ్చగా, గట్టిపడిన వెన్నలా. పేట ఆసుపత్రిలోని సర్జనుగారు దాన్ని సీసాలో వేసి, పరీక్షకు గుంటూరు పంపుతానన్నారు. ఎందుకని అడిగితే "ఏం కోసినా పంపుతాం టీచరుగారూ, పద్ధతి" అన్నారు. పద్ధతి అంటే నాకు గౌరవమే.

నూనె సంగతి తేలింది. రత్తమ్మ చేగోడీలు చేసి పక్కింటికి పంపింది. చెప్పి పంపాల్సింది.

10 ఏప్రిల్, ఉగాది

కారంపూడి నుంచి రాజ్యలక్ష్మి, అల్లుడు పుల్లయ్యగారు, కోటేశ్వరి వచ్చారు. ధనుంజయుడు కాలికి కట్టుతో మంచం మీద కూర్చున్నాడు. కోటేశ్వరి గడప దాటుతూనే మొదలుపెట్టింది.

"మామా, కుంటోణ్ణి నేను చేసుకోను. బేరం రద్దు."

"ఏమే, తాళి కాళ్లతో కడతారా ఏంది? చేతులు బానే ఉన్నయి."

"ఏడడుగులు ఎట్టా నడుస్తావు మరి? నేను ఎత్తుకోవాలా?"

వంటింట్లోంచి రత్తమ్మ కేక వేసింది. "ఒరేయ్, ఇప్పుడే వాగరా నాయనా. మూడు ముళ్లు పడ్డాక నీకు నోరు ఉండదు. మిరపకాయల కొట్లో కూర్చుని రైతుల చేత మూడు చెరువుల నీళ్లు తాగించుద్దంట ఇది."

"నువ్వు ఎవరి పక్కే చిన్నమ్మమ్మా?"

"ఎవరు ముందు పచ్చడి రుచి చూసి బాగుందంటే వాళ్ల పక్క."

రత్తమ్మ మా మరిది భార్య. మరిది పోయినప్పటి నుంచీ మా ఇంట్లోనే ఉంటున్నది. శుభకార్యం మాటలు నడిచేటప్పుడు ఎదురుగా రాదు, వంటింట్లోంచే మాట్లాడుతుంది. ఎవరూ రావద్దని చెప్పరు.

పండగ పూట ఇంత పెద్దగా నవ్వులేమిటని కోటేశ్వరిని మందలించాను. ధనుంజయుడు గోడచాటుకు వెళ్లి సిగరెట్టు కాల్చాడు. నాకు తెలియదనుకుంటాడు.

15 ఏప్రిల్

గుంటూరు నుంచి ఉత్తరం. షాహిదా రాసింది. మా బాలికల హైస్కూల్లో నా దగ్గర సైన్సు చదివిన పిల్ల. ఇప్పుడు అక్కడ పెద్దాసుపత్రిలో శరీరపు ముక్కలను పరీక్షించే డాక్టరు. "చిరునామా చూసి మీ అబ్బాయని గుర్తుపట్టాను టీచర్. ఒకసారి రండి. ఒక్కరే వస్తే మంచిది" అని మాత్రమే ఉంది.

చేతిరాత ఇప్పటికీ బాగుపడలేదు.

17 ఏప్రిల్

గుంటూరు వెళ్లి వచ్చాను. అంతా ఉన్నదున్నట్టు రాసుకుంటాను.

షాహిదా నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి తను నిలబడింది. "కప్ప గుండె బొమ్మ తప్పు వేశానని నన్ను బెంచీ ఎక్కించారు టీచర్. ఇప్పుడు అదే నా తిండి అయింది."

"తప్పు వేశావు కనుక ఎక్కించాను."

నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. సూక్ష్మదర్శినిలో చూడమన్నది. వాడి మడమ నుంచి కోసిన ముక్కే, పొరగా చీల్చి రంగు వేశారు. కణం చివరన నలిగిపోయినట్టు ఒక నీలం చుక్క. మిగిలిందంతా తెల్లటి బుడగలు. పప్పు పొంగి గిన్నె అంచున నిలిచే నురగలా ఉంది. అలాంటివి పక్కపక్కన, ఖాళీ లేకుండా.

"ఏమిటివి?"

"మీరు మాకు చెప్పినవే టీచర్. ఒంటికి కాపలా కాసే కణాలు. క్రిములనూ చెత్తనూ మింగేవి."

"భక్షక కణాలా? ఇంత లావు ఉండవే."

"మింగీ మింగీ ఇట్టా అయినయి. మాక్రోఫేజ్ అంటాం. పెద్ద తిండిపోతు అని ఆ మాటకు అర్థం."

తరువాత తను చెప్పింది నేను నా మాటల్లో రాస్తున్నాను. కొవ్వు నీళ్లలో కరగదు. అందుకని రక్తంలో అది మాంసకృత్తుల పొర చుట్టుకుని చిన్న చిన్న మూటలుగా తిరుగుతుంది. లైపోప్రోటీన్లు అంటారు. ఆ మూటలను కాలేయం తన తలుపులు తీసి లోపలికి తీసుకోవాలి. కొన్ని వంశాల్లో పుట్టుకతోనే ఆ తలుపులు సగమే ఉంటాయి. ఇది కనిపెట్టినందుకే నిరుడు ఇద్దరు అమెరికా డాక్టర్లకు నోబెల్ బహుమతి ఇచ్చారట. లోపలికి పోలేని మూటలు రక్తంలోనే తిరిగి తిరిగి, రక్తనాళాల గోడల్లోకి దూరి, అక్కడ చెడిపోతాయి. చెడిపోయిన సరుకు కనిపిస్తే కాపలా కణం ఊరుకోదు. అది దాని పని. మింగుతుంది. మామూలు తలుపైతే కడుపు నిండగానే మూసుకుంటుంది. చెడిపోయినదాన్ని మింగే తలుపు వేరే ఉందట, దానికి మూసుకోవడం తెలియదు. నిండిపోయి, కదలలేక, ఆ గోడలోనే చస్తుంది. దాని కడుపులో ఉన్నదంతా అక్కడే పడుతుంది. దాన్ని శుభ్రం చెయ్యడానికి ఇంకొకటి వస్తుంది. దాని గతీ అంతే. గోడ ఉబ్బుతుంది. ఒకరోజు పగులుతుంది. ఆ పగులు మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది.

"మడమ మీదైతే బూటు ఒరుసుకుంటది, అంతే. గుండె రక్తనాళంలో కూడా ఇదే సరుకు టీచర్."

నలభై ఏళ్లు నేను నల్లబల్ల మీద బొమ్మ వేసి, ఇవి మన సిపాయిలు అని చెప్పాను.

"మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరన్నా పోయారా?" అని అడిగింది. లేదన్నాను. ఆయన నలభై మూడేళ్లకు పోయిన మాట, మరిది ముప్పై ఎనిమిదికి పోయిన మాట నిజమే. అయితే ఆయన పొగాకు బేరాలకు తిరిగి తిరిగి అలసిపోయి పోయారు. మరిదికి వడదెబ్బ. అందుకని లేదన్నాను.

షాహిదా మళ్లీ అడగలేదు. ధనుంజయుడు సిగరెట్లు వెంటనే మానాలని, నెయ్యీ గుడ్డూ తగ్గించాలని చెప్పి, ఒక విటమిను మాత్ర రాసిచ్చింది. అది వేసుకుంటే ఒళ్లు మంట పుడుతుందట, భయపడవద్దన్నది. గుండె డాక్టరుకు చూపించమన్నది. లేచేటప్పుడు, మాటవరసకు, పెళ్లికూతురు ఎవరని అడిగింది.

"మా మనవరాలే. రాజ్యలక్ష్మి కూతురు."

"ఆ అమ్మాయికీ ఇట్టాంటివి ఉన్నయా?"

"కనురెప్పల మీద."

చేతిలో కలం కింద పెట్టింది. "టీచర్, ఇద్దరి దగ్గరనుంచీ చెడిపోయిన సగమే వచ్చిన బిడ్డకు అసలు తలుపులే ఉండవు. ఐదారేళ్లకే ఒళ్లంతా కాయలు. ఇరవయ్యో ఏడు చూడటం కష్టం. మందు లేదు."

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది.

18 ఏప్రిల్

నెయ్యి గిన్నె అటక ఎక్కించాను. రత్తమ్మ ఎందుకని అడిగితే జవాబు చెప్పలేదు.

20 ఏప్రిల్

బఠాణీల పాఠం. పొడుగు మొక్క, పొట్టి మొక్క. నాలుగు గళ్ల పటం. పటం గీయడం రాని పిల్లలకు నేను మార్కులు ఇచ్చేదాన్ని కాను. ఇవాళ పాత కాగితం మీద గీశాను. పైన ధనుంజయుడు, పక్కన కోటేశ్వరి. ఒక గడి మంచిది. రెండు గళ్లు వీళ్లలాంటివి. ఒక గడి పూర్తిగా నలుపు.

మళ్లీ గీశాను. అంతే వచ్చింది.

ఆ కాగితం పొయ్యిలో వేశాను. నిజం చెబితే ఏమవుతుందో కూడా ఆలోచించాను. ఆ ఇంట్లో రోగం ఉందని ఒక్కరికి తెలిస్తే మాచర్ల దాకా పాకుతుంది. కోటేశ్వరికి ఇంకెక్కడా సంబంధం రాదు. పుల్లయ్యగారు నా కూతుర్ని చూసే చూపు మారుతుంది. ధనుంజయుణ్ణి అందరూ ఇవాళో రేపో పోయేవాడిలా చూస్తారు. పెళ్లి ఆగాలి, ఎవరికీ మచ్చ పడకూడదు. వేరే దారి ఒకటి ఉంది.

23 ఏప్రిల్

సిద్ధాంతిగారింటికి వెళ్లాను. ఆయన ఆశ్చర్యపోయారు. "మీరా టీచరుగారూ? గ్రహాలంటే రాళ్లూ గాలీ అని మా పిల్లకు చెప్పింది మీరే గదా?"

"ఇప్పటికీ అదే చెబుతాను. ఈ ఇద్దరికీ పొంతన కుదరలేదని మీరు చెప్పాలి. ఎందుకని అడగవద్దు."

ఆయన పంచాంగం మూసి పక్కన పెట్టారు. "పొంతన లేదంటే ఎవరూ ఆగరమ్మా. ఏదో శాంతి చేయించి కానిచ్చేస్తారు. పిల్ల నక్షత్రం మేనమామకు గండం అంటే ఆగుతారు."

నేను అడిగింది పొంతన లేదనే. గండం అనమని అడగలేదు. వద్దనీ అనలేదు. జాతకం మీద వేసిన నింద ఎవరి ఒంటికీ నొప్పి కాదు.

27 ఏప్రిల్

కారంపూడి వెళ్లి చెప్పి వచ్చాను. రాజ్యలక్ష్మి ఏడ్చింది. పుల్లయ్యగారు, "ఇన్నేళ్లూ లేని గండం ఇప్పుడు ఏడనుంచి వచ్చింది అత్తయ్యా? పిల్ల పుట్టిన గంట అప్పుడూ అదే, ఇప్పుడూ అదే" అన్నారు. సరైన ప్రశ్న. మనిషి సామాన్యుడు కాదు.

కోటేశ్వరి మిరపకాయల కొట్టు నుంచి వచ్చి, మొహం కూడా కడుక్కోకుండా నా ఎదుట కూర్చుంది.

"అమ్మమ్మా, గ్రహణం పట్టినప్పుడు ఏమీ కాదే అని నాకు ముద్దలు కలిపి పెట్టింది నువ్వే గందా?"

"నేనే."

"మరి నువ్వేంది, గండమంటున్నావు?"

"పెద్దదాన్నయ్యాను. భయాలు వస్తాయి."

నా కళ్లలోకి చూసింది. కనురెప్పల మూల ఆ పసుపు. నేనే తల తిప్పుకున్నాను.

"మామ ఏమన్నాడు?"

"వాడికి ఇంకా చెప్పలేదు."

"ముందు మామకు చెప్పాల్సింది," అన్నది. లేచి వెళ్లిపోయింది.

3 మే

ధనుంజయుడికి చెప్పాను. రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉందని, సిగరెట్లు మానమని, మాత్రలు వేసుకోమని చెప్పాను. పెళ్లి సంగతి సిద్ధాంతిగారి మాటగా చెప్పాను. రెండూ కలపలేదు.

వాడు అరవలేదు. అరిస్తే బాగుండేది. "అమ్మా, నువ్వు జాతకం నమ్మినదానివైతే నేను నమ్మేవాణ్ణి" అని, మాత్రల పొట్లం చొక్కా జేబులో వేసుకుని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

కొత్త బూట్లు వేసుకున్నాడు. ఇప్పుడు ఒరుసుకోవడం లేదు.

11 మే

ఉత్తరం లేదు.

20 మే

ఉత్తరం లేదు. మాత్రలు వేసుకుంటూనే ఉంటాడు. చదువుకున్నవాడు.

గుండె డాక్టరుకు చూపించడానికి సెలవు పెట్టమని ఒక కార్డు రాశాను. కోటేశ్వరిని గురించి ఏమీ రాయలేదు. కాలం గడిస్తే సర్దుకుంటుంది. ఇద్దరూ చిన్నవాళ్లే.

29 మే

ఇవాళ ముహూర్తం ఉండాల్సింది. విపరీతమైన ఎండ. ఆవకాయకు ఆవపిండి సరిపోలేదు, మళ్లీ దంచాను.

4 జూన్

ధనుంజయుడు పోయాడు.

9 జూన్

ఫ్యాక్టరీలోనే. ఉదయం షిఫ్టులో, ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. నీళ్లు తెచ్చేలోపు. వాడికి ముప్పై ఒకటి.

షాహిదాకు కబురు చేశాను. వచ్చి నా పక్కన కూర్చుంది, ఏమీ చెప్పలేదు. నాకు తెలుసు కనుక చెప్పలేదు.

ఇల్లంతా జనం. రోజూ వస్తున్నారు. నిన్న మధ్యాహ్నం రత్తమ్మ వసారాలో నలుగురు ఆడవాళ్ల మధ్య గుండెలు బాదుకుంటూ అన్నది. "సిద్ధాంతి చెప్పనే చెప్పాడమ్మా. గండమని చెప్పనే చెప్పాడు. పెళ్లి ఆపితే మాత్రం ఆగిద్దా? మామను మింగింది. నా తండ్రిని మింగింది."

కోటేశ్వరి గుమ్మంలోనే ఉన్నది. విన్నది. అందరూ దాని వంక చూశారు.

నేను లోపలి గదిలో ఉన్నాను. నేనూ విన్నాను.

మింగింది. ఆడమనిషి మింగినా ఆ మాటే, పురుగు మింగినా ఆ మాటే. వాడు అంటే మింగాడు. అది అంటే మింగింది. ఆమె అన్నా మింగింది. ఆడదానికీ, ప్రాణం లేని వస్తువుకూ మన భాష ఒకటే క్రియ పెట్టింది. వ్యాకరణం చెప్పే టీచరుగారు ఇందులో ఏముంది అనేవారు. ఉన్నది.

మింగింది ఎవరో నేను గుంటూరులో నా కంటితో చూశాను. నురగలా ఉన్నాయి.

11 జూన్

ఫ్యాక్టరీ నుంచి గులాం మొహిద్దీన్ అనే అతను వచ్చాడు. ధనుంజయుడూ అతనూ ఒకే గదిలో ఉండేవారు. బట్టల సంచీ, బూట్లు తెచ్చాడు.

"అమ్మా, నాకు చెప్పకుండా ఉండబుద్ధి కావటంలా. జాతకం సంగతి ఒక్కరోజు కూడా నమ్మలా మావోడు. మా అమ్మ అట్టాంటిది కాదురా భాయ్, ఏదో దాస్తన్నది అనేవోడు. ఆదివారం ఇంటికి పోయి తేల్చుకుంటా అన్నాడు."

"మాత్రలు వేసుకునేవాడా?"

"వేసుకుంటే ఒళ్లు కాలిపోయినట్టు ఉంటదంటమ్మా. రెండు రోజులు వేసుకుని మానేశాడు. సిగరెట్లు... ముందుకంటే ఎక్కువే కాల్చాడు."

ఆదివారం అంటే ఎనిమిదో తారీఖు. బుధవారమే పోయాడు. ఆ నాలుగు రోజులు ఉండి ఉంటే చెప్పి ఉండేదాన్ని.

చెప్పి ఉండేదాన్నని రాశాను. చెప్పేదాన్నో లేదో నాకు తెలియదు.

13 జూన్

రెండు రోజులుగా గమనిస్తున్నాను. భోజనాలకు కోటేశ్వరిని ఎవరూ పిలవడం లేదు. పొమ్మనడం లేదు, పిలవడం లేదు. పెరట్లో బట్టలుతికే రాయి మీద కూర్చుంటుంది. రాజ్యలక్ష్మి ఎవరూ చూడకుండా కంచం తీసుకెళుతున్నది. నా కూతురు తన కూతురికి దొంగతనంగా అన్నం పెడుతున్నది, నా ఇంట్లో.

మధ్యాహ్నం వెళ్లి ఆ రాయి పక్కన కూర్చున్నాను. అంతా చెప్పాను. మడమ కాయ, షాహిదా, మూటలు, మింగే కణాలు, నల్లని గడి. సిద్ధాంతి దగ్గరికి ఎందుకు వెళ్లానో చెప్పాను. క్లాసులో చెప్పినట్టే వరసగా చెప్పాను, నాకు వేరే విధంగా రాదు. అది అడ్డం రాకుండా విన్నది. కనురెప్పను వేలితో ఒకసారి తడుముకుంది.

"ఇవి నాకూ లోపల ఉన్నట్టేనా?"

"పరీక్ష చేస్తే తెలుస్తుంది. ఉన్నట్టే."

"అమ్మకు?"

"ఉన్నట్టే."

తరువాత, "మామకు తెలుసా ఇది?"

"తెలియదు."

"అంటే... నేను ఆయన్ని మింగుతానని నమ్మే పోయాడా?"

మొహిద్దీన్ చెప్పినది చెప్పాను. ఒక్క రోజు కూడా నమ్మలేదని. అప్పుడు ఏడ్చింది. వాడు పోయిన తరువాత అది ఏడవడం నేను చూడటం అదే మొదలు. మామను మింగినది ఏడిస్తే నటన అంటారని ఇన్నాళ్లూ బిగబట్టిందేమో. నేను అడగలేదు.

"కర్మ రోజున అందరూ వస్తారు గదా. చెప్పు అమ్మమ్మా."

"చెబితే నీకు సంబంధాలు రావే. రోగం పిల్ల అంటారు."

"అననీ. రోగమున్నదాన్నంటే పడతా. మామను మింగినదాన్నంటే పడలేను." మొహం తుడుచుకుంది. "నేను చెప్తే నమ్మరు. నువ్వు టీచరువి. నువ్వు అబద్ధం చెప్తేనే నమ్మారు గదా, నిజం చెప్తే నమ్మరా?"

14 జూన్

చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. పాఠం సిద్ధం చేసుకోకుండా నేను ఏనాడూ క్లాసుకు వెళ్లలేదు.

15 జూన్

పెద్దకర్మ. చెప్పాను.

వాడి పటానికి దండ వేసి, పిండాలు పెట్టి వచ్చి, బంధువులంతా పందిట్లో కూర్చున్నారు. వడ్డన మొదలుకాలేదు. నేను లేచి నిలబడ్డాను. మాటలు ఆగాయి. నేను నిలబడితే ఇప్పటికీ ఆగుతాయి.

"సిద్ధాంతిగారు చెప్పిన గండం అబద్ధం. నేనే చెప్పించాను," అన్నాను.

తరువాత నా మోచేతిని చూపిస్తూ ఆయన పసుపుకాయల గురించి చెప్పాను. మరిది వేళ్ల గురించి చెప్పాను. అది పసుపు కాదు, శుభమూ కాదు అని చెప్పాను. మన రక్తంలో ఒక లోపం ఉంది, కొవ్వు చేరాల్సిన చోటికి చేరదు, చెత్తను ఎత్తాల్సిన కణాలే దాన్ని మింగి మింగి గుండె దారిలో పడి చస్తాయి. మా మామగారు అలాగే పోయి ఉండాలి. మా ఆయన అలాగే పోయారు. మరిది అలాగే. నా కొడుకు అలాగే. "వాణ్ణి మింగింది వాడి ఒంట్లోనే ఉంది. ఈ పిల్ల కాదు."

పుల్లయ్యగారు అప్పటికే లేచారు. "అత్తయ్యా, ఆపండి. ఇంతమందిలో ఏందీ మాటలు? ఇంక నా పిల్ల గతేం గాను?"

"చెప్పనీ నాన్నా," అన్నది కోటేశ్వరి.

"నువ్వు నోరు ముయ్!"

"ఇన్నాళ్లూ మూసుకునే ఉన్నా గందా. ఎవరికి మంచి జరిగింది?"

పెదకూరపాడు నుంచి వచ్చిన వాళ్లు నలుగురు అప్పుడే చెప్పులు వేసుకున్నారు. కోటేశ్వరిని వాళ్ల అబ్బాయికి అడగాలని పోయిన నెల లోలోపల అనుకున్నారట. భోజనానికి కూర్చోకుండా వెళ్లిపోయారు.

రత్తమ్మ వంటింట్లోంచి బయటకు వచ్చింది. శుభకార్యం మాటలకు ఎప్పుడూ ఎదురు రాని మనిషి, చేతిలో గరిటెతో పందిరి మధ్యకు వచ్చి నిలబడింది.

"అయితే మా ఆయన్ని కూడా అదేనా అక్కా?"

"అదే."

"వడదెబ్బ కాదు?"

"కాదు."

"మరి నన్నన్నారే."

నా ఎదుటికి ఇంకో అడుగు వేసింది.

"అత్త అన్నది. కాపరానికొచ్చి మూడేళ్లు తిరక్కుండా నా కొడుకును మింగింది అన్నది. ఊరంతా అన్నది. నాకు ఇరవై రెండేళ్లు అప్పుడు. నువ్వు అనలేదులే అక్కా." గరిటె నా వైపు చూపింది. "నువ్వు స్కూలుకు పోయేదానివి, వచ్చేదానివి. ఊరకున్నావు. సైన్సు చెప్పేదానివి గదా, ఇట్టా కాదు అత్తయ్యా అని ఒక్క మాట అనుంటే..."

అప్పుడు నాకు తెలియదు రత్తమ్మా అందామనుకున్నాను. ఇది తెలియదు గాని, ఒక మనిషి ఇంకో మనిషిని మింగలేదని తెలుసు. అది తెలియడానికి సైన్సు అక్కర్లేదు. అందుకని ఏమీ అనలేదు.

"మొన్న నేనూ ఈ పిల్లనన్నా," అన్నది తనే. "నాకు తెలిసిన మాట అదొక్కటే గదా. నన్నన్నదే అన్నా."

కోటేశ్వరి దగ్గరికి వెళ్లింది. రెక్క పట్టుకుని లేపింది. "లేవే. బంతిలో కూర్చో. మధ్యన కూర్చో, చివర కాదు. ఎవడన్నా లేస్తే లేవనీ. నేను వడ్డిస్తా."

కొందరు లేచారు. ఎక్కువమంది కూర్చునే ఉన్నారు.

20 జూన్

గుంటూరు వెళ్లాం. రాజ్యలక్ష్మి, కోటేశ్వరి, తోడు రత్తమ్మ. పుల్లయ్యగారు రాలేదు. నాతో మాట్లాడటం మానేశారు. రక్తం తీశారు.

కోటేశ్వరి షాహిదాను సూటిగా అడిగింది. "ఎన్నాళ్లుంటా డాక్టరమ్మా?"

"చెప్పలేం. ఆడవాళ్లకు కొంచెం ఆలస్యంగా వస్తది. జాగ్రత్తగా ఉంటే చానా ఏళ్లు ఉండొచ్చు. ఇంకొన్నేళ్లకు మంచి మందు రావచ్చు."

"రావచ్చు అంటే?"

"రావచ్చు, అంతే," అన్నది షాహిదా. అబద్ధం చెప్పలేదు. నా విద్యార్థినుల్లో అది ఒక్కటే గట్టి పిల్ల.

27 జూన్

ఫలితాలు వచ్చాయి. తల్లికీ కూతురికీ ఇద్దరికీ ఉంది.

కోటేశ్వరి కాగితం చదివి, మడిచి, తండ్రికి ఇవ్వమని తల్లి చేతిలో పెట్టింది. మిరప కొట్టుకు ఎప్పటి నుంచి రావాలో నాన్ననే కనుక్కోమన్నది.

1 జూలై

కోటేశ్వరి ఇంకా ఇక్కడే ఉంది. తండ్రి నుంచి కబురు రాలేదు. రత్తమ్మ రెండు పూటలా దాన్ని పిలిచి, ఎదురుగా కూర్చుని అన్నం పెడుతున్నది. ఇద్దరూ ఏవో మాట్లాడుకుంటారు. ఒకసారి నవ్వు కూడా వినిపించింది.

నన్ను పిలవడం లేదు. కోపంతో అని కాదు. అన్నం మూత పెట్టి ఉంచుతుంది, నేను వెళ్లి తినాలి. పదిహేను రోజులుగా అంతే. పందిట్లో తను అడిగినదానికి నేను ఇంకా జవాబు చెప్పలేదు. ఏం చెప్పాలో రోజూ వెతుకుతున్నాను. ఏ వాక్యం రాసినా అందులో నేనే ముందు నిలబడుతున్నాను.

ఇవాళ పిలవకుండానే వెళ్లాను. కోటేశ్వరి పక్కన ఖాళీ ఉంటే కింద కూర్చున్నాను. రత్తమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆకు వేసింది. వడ్డించింది. మాట్లాడలేదు.

తిన్నాను.